ఇరవై నాలుగు అని రాసిన చోటల్లా

రోజు 604

ఈ ఉదయం పైనుంచి మళ్లీ అభినందనలు వచ్చాయి.

“ఆర్యా, తమ ఫెలోషిప్పు మరియొక నూట ఇరువది దినములు పొడిగింపబడినదని తెలియజేయుటకు మిక్కిలి సంతసించుచున్నాము. తమ అనుభవము మాకు అమూల్యము. ఇట్లు, ఇల్సే, సమన్వయకర్త.”

ఇల్సే గారు తన భాషలో మామూలుగానే రాస్తారని నా నమ్మకం. మధ్యలో ఉన్న అనువాద యంత్రం ఎక్కడ చదువుకుందో గానీ, ప్రతి మాటనూ శాసనంలా మార్చి కిందికి దింపుతుంది.

నేను వచ్చింది మూడువందల అరవై అయిదు రోజులకు. ఇది మూడో పొడిగింపు. పరదేశంలో, భూమికి ఆరువందల మీటర్ల లోపల, పాత ఉప్పుగనిలో ఉన్నాను. దీపాలు వెలిగితే పగలు, ఆర్పితే రాత్రి. భోజనం చిన్న పెట్టెలో కిందికి దిగుతుంది. మనుషులు ఎక్కే లిఫ్ట్ మాత్రం నాకు ‘అప్పగింత’ పూర్తయ్యాకే తెరుచుకుంటుంది. అంటే, నా తర్వాత వచ్చిన పరిశోధకుడు నా చెయ్యి తగలకుండా పన్నెండు రోజులు ఉప్పునీటి మీద పెరిగే జీవపొరను బతికించాలి. ముగ్గురు వచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ పొర బూడిద రంగుకు తిరిగింది. ప్రతిసారీ నేను లోపలికి పరిగెత్తి, మిగిలిన ఒకటి రెండు మళ్ల నుంచి మళ్లీ పెంచాను. వాళ్లు ‘అనుభవము చాలదు’ అన్న కాగితం పట్టుకుని వెళ్లిపోయారు.

మధ్యలో వదిలేసి పోవచ్చు. ఒప్పందంలో ఆ వాక్యం ఉంది. అలా పోతే పొర ముక్క వేసిన కూజా ఇవ్వరు.

అధికారిక లాగ్ వేరే ఉంది. ఈ నోట్‌బుక్ నా సొంతం. ఎవరూ అడగరు కనుక తెలుగులో రాసుకుంటున్నాను.

రోజు 606

తొమ్మిది మళ్లు. ఒక్కొక్కటీ మంచమంత. ఉప్పునీటి మీద పొర పాలమీగడలా పరుచుకుని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని రంగు పండిన జామకాయ లోపలి రంగు. అడుగున ఉప్పును ఉంచేసి, పైన మంచినీరు చెమర్చుతుంది. రోజూ ఉదయం చెక్క పలకతో ఆ నీటిని మెల్లగా తోసి తీస్తాను. ఒక మడికి రెండు బిందెలు. పొర పెరిగేకొద్దీ నీళ్లూ పెరుగుతాయి.

నాకు ముందు ఈ పొర ఎవరి దగ్గరా నలభై రోజులు దాటి బతకలేదు. ఆరువందల రోజులు బతికించాను కనుకే ఇల్సే గారికి నా అనుభవం అమూల్యం.

ఈ రోజు మూడో మడిలోనూ ఏడో మడిలోనూ అడుగు నీరు మార్చాను. లాగ్‌లో సాంద్రత 24 అని రాశాను.

రోజు 612

ఆదివారం. ఇంటికి ఆరు నిమిషాల ఫోన్.

“ఏందే, ఇంకా ఆ గుంటలోనే ఉన్నావా?” అంది అమ్మ.

“గని అమ్మా.”

“గుంటే గదా. ఎప్పుడొస్తన్నావు?”

“ఇంకో మనిషి వస్తున్నాడు. ఆయనకి అప్పగించి వచ్చేస్తా. నీళ్లు వస్తున్నాయా?”

“మూణ్ణాళ్లకోసారి ట్యాంకరు. మొన్న మీ పెద్దమ్మ కోడలు బిందె పట్టుకోని దాని ఎనకాల పరిగెత్తి పడింది. బిందెకి సొట్ట, మోకాలికి సొట్ట. బిందెకే ఎక్కువ ఏడ్చింది. సరే, అవతల మనుషులు నిలబడున్నారు. నాకు పనుంది, పెట్టేయ్.”

మా అమ్మ తలారి వెంకాయమ్మ. కొఠారుపాలెం ఉప్పుమళ్లలో పదకొండు మంది మీద మేస్త్రీ. నాతో మాట్లాడటానికి ఆమెకు ఎప్పుడూ రెండు నిమిషాలకు మించి ఖాళీ దొరకలేదు. సముద్రం లోపలికి వచ్చాక మా ఊళ్లో చేతిపంపులన్నీ ఉప్పు కక్కుతున్నాయి. ఫెలోషిప్ పూర్తి చేసినవాళ్లకు ఈ పొర ముక్కను ఒక కూజాలో వేసి ఇస్తారు. ఒక్క కూజా చాలు. ఆరు నెలల్లో మళ్లకు మళ్లు పరుచుకుంటుంది. నేను వచ్చింది దానికి.

రోజు 640

లిఫ్ట్ దిగింది. డాక్టర్ బొత్స సింహాచలం గారు, పార్వతీపురం. యాభై నాలుగేళ్లు. పుట్టగొడుగుల మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. మా తీరానికీ ఈ గనికీ ఉన్న ఒప్పందం వల్ల ఇక్కడికి వచ్చేవాళ్లందరూ మనవాళ్లే.

ఆయన సంచి దించి, ఉప్పుగోడల్నీ దీపాల్నీ చూసి, “ఏటమ్మా, దీన్నేనా ఫెలోషిప్ అంటారు? మా ఊరి సబ్‌జైలుకైనా ఒక కిటికీ ఉన్నాది” అన్నారు.

నవ్వాను. చాలా రోజుల తర్వాత నా నవ్వు గోడకు తగిలి నాకే వినిపించింది.

భోజనాల దగ్గర కొంచెం తగ్గి మాట్లాడారు. “ఇది నాకు మూడో ఫెలోషిప్, తల్లీ. మొదటి రెండూ సగంలో నిధులైపోయి ఆగిపోయాయి. ఇది కూడా పోతే ఇంక నన్నెవడూ పిలవడు. నువ్వు ఎలగ చెప్తే అలగే చేస్తాను. నీకంటే పెద్దోణ్ననీ, మగోణ్ననీ మనసులో ఏమీ పెట్టుకోను.”

రోజు 662

ఆయన మంచి విద్యార్థి. నేను రాసిన పద్ధతి పుస్తకాన్ని రెండుసార్లు చేత్తో తిరగరాసుకున్నారు. సాంద్రత కొలిచే గాజుకడ్డీని నీళ్లలో నిలబెట్టి, కన్ను మట్టానికి వంగి, అంకె చదువుతారు. ఇరవై నాలుగు వస్తే అడుగు నీరు వదిలి కొత్తది పెట్టాలి. పద్ధతి అంతే.

ఈ రోజు అయిదో మడి దగ్గర నా వెనకాలే నిలబడి ఉన్నారు. నేను చూసుకోలేదు.

“ఏటది, వేలు నోట్లో పెట్టుకున్నావేటి?”

“ఏం లేదు సార్. పెదవి పగిలింది.”

ఆయన కడ్డీ వైపు వంగారు. “కడ్డీ ఇరవై మూడు దగ్గిరుంది. నువ్వు నీరు వదిలీసి ఇరవై నాలుగు రాసేవు?”

“ఆ కడ్డీ ఒక గీత తక్కువ చూపిస్తుంది సార్.”

“అదీ, అలగ చెప్పు మరి!” అంటూ తన కాగితంలో రాసుకున్నారు: కడ్డీకి ఒకటి కలుపుకోవాలి.

కడ్డీ సరిగ్గానే చూపిస్తుంది.

ఈ మాట ఈ నోట్‌బుక్‌లో కూడా ఇంతవరకు రాయలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో ఒక రోజు ల్యాబ్‌లో ఉప్పునీటిని వేలితో నాలుక మీద వేసుకున్నాను. చిన్నప్పటినుంచీ మళ్ల గట్ల మీద చేసినట్టే చేశాను. డిమాన్‌స్ట్రేటర్ చూసి, నలభై మంది ముందు, “ఇది ఉప్పు కొఠారు కాదమ్మా, ల్యాబ్” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత నేను ఎవరికీ కనబడకుండా చేశాను. మానలేదు.

ఇక్కడ ఏడో నిబంధన: గదిలోని ఏ ద్రవాన్నీ నోటికి తాకించరాదు.

రోజు 684

అప్పగింత మొదలైంది. ఆయన మళ్లున్న గది లోపల. నేను అద్దం ఇవతల కుర్చీలో. పన్నెండు రోజులు నేను గదిలోకి వెళ్లకూడదు, దేన్నీ తాకకూడదు. ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు.

“దిగులు పెట్టుకోకు,” అన్నారు. “నీ సంచి సర్దుకో. మీ అమ్మకి చెప్పు.”

సంచి సర్దుకున్నాను. ఇది నాలుగోసారి సర్దడం. అందులో ఏం పడుతుందో తెలుసు కనుక పది నిమిషాల్లో అయిపోయింది.

రోజు 688

ఒకటో మడి అంచున బూడిద గీత. గోరంత.

ఆయనకు ఇంకా కనబడలేదు. నాకు అద్దం లోంచే కనబడుతోంది. మొదటిసారి వచ్చిన డాక్టర్ ముంతాజ్ గారికి కూడా ఇలాగే, అయిదో రోజు, ఒకటో మడిలోనే మొదలైంది. కావలి నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త ఆవిడ. నాకంటే జాగ్రత్త మనిషి. వెళ్లే రోజు లిఫ్ట్ ఎక్కుతూ, “తిరుపతమ్మా, నువ్వు రాసిందే చేశానే. నా చేతిలో ఏం పాపం ఉందో” అన్నారు. చేతులు చాచి తనే చూసుకున్నారు.

అప్పుడు నేను, “అనుభవం వస్తే వస్తుంది మేడమ్” అన్నాను. ఓదార్చాననుకున్నాను.

రోజు 689

ఆదివారం. ఫోన్.

“మళ్లు ఎట్టున్నాయి?” అని అడిగాను. మాట్లాడటానికి ఇంకేమీ తోచలేదు.

“మూడు మళ్లు ఖాళీ చేయించా. నీళ్లు చేదెక్కినయ్యి.”

“ఎన్ని డిగ్రీలు ఉంది?”

“డిగ్రీ నువ్వు చదివావు, నన్నడుగుతావేందే! నాలిక మీద ఏసుకున్నా, ఉమ్మేశా, తూము తియ్యమన్నా. కంపెనీ కుర్రాడు కడ్డీ పట్టుకోనొచ్చి ఇంకా టైముందమ్మా అంటాడు. బరువు చూస్తంది గానీ దానికి చేదేం తెలుస్తదిరా అన్నా. ఎర్రమొహం ఏసుకోని పోయాడు.”

ఫోన్ పెట్టేశాక లాగ్ తెరిచాను.

కడ్డీ బరువు చూస్తుంది. ఉప్పు బరువూ చేదు బరువూ దానికి ఒక్కటే. మడిని బట్టి, దీపం వేడిని బట్టి, చేదు ఒకసారి ఇరవై రెండున్నరకే వస్తుంది, ఒకసారి ఇరవై అయిదు దాటినా రాదు. పొర చచ్చేది చేదుకు. నేను ఆరువందల రోజులుగా వేలు ముంచి, నాలుక చివర కాదు, గొంతుకు దగ్గరగా చేదు తగిలినప్పుడు నీరు మార్చాను. తర్వాత లాగ్‌లో 24 అని రాశాను. పద్ధతిలో 24 అని ఉంది కనుక. ఆ పద్ధతి రాసింది నేనే.

మా ఇంట్లో కాగితం మీద రాయగలిగిన మొదటి మనిషిని నేను. కాగితం మీద ఉన్నదే పని అనుకున్నాను. నాలుక మీద ఉన్నది మా అమ్మ అలవాటు అనుకున్నాను. 24 అని రాస్తే అబద్ధమని నిజంగా అనిపించలేదు. ముగ్గురు మనుషులు తలొంచుకుని లిఫ్ట్ ఎక్కుతుంటే కూడా అనిపించలేదు.

రోజు 690

మూడు మళ్లు బూడిద. ఆయన అద్దం దగ్గరికి వచ్చి ఫోన్ ఎత్తారు. ముఖం పీక్కుపోయి ఉంది.

“నేనేం తప్పు చేసేనో చెప్పు తల్లీ. నువ్వన్నట్టు ఒకటి కలుపుకునే చూస్తన్నాను.”

“ఒకటి కలపొద్దు సార్. కడ్డీ పక్కన పెట్టేయండి.”

“పక్కన పెట్టీసి?”

“నాలుగో మడిలో చూపుడువేలు ముంచండి. నోట్లో పెట్టుకోండి.”

ఆయన కడ్డీ పక్కన పెట్టి నన్ను చూశారు. “పెదవి పగిలిందన్నావు.”

“పగల్లేదు సార్.”

ఆయన వెళ్లి వేలు ముంచారు. ముఖం ముడుచుకుని వచ్చారు.

“ఉప్పు.”

“మింగొద్దు. నాలుక వెనక్కి పోనివ్వండి. ఉప్పు పోయాక ఏం మిగిలింది?”

“ఏం లేదు.”

“అయితే అది బాగుంది. ఇప్పుడు ఒకటో మడి.”

ఒకటో మడి నీరు నోట్లో పెట్టుకున్న వెంటనే ఉమ్మేశారు. “ఓలమ్మా! కాకరకాయ!”

“వదిలేయండి సార్. అడుగు నీరంతా వదిలేయండి.”

రోజు 695

బూడిద ఆగింది. మూడింటిలో రెండు తేరుకున్నాయి. తొమ్మిదింటిలో ఎనిమిది మళ్లు జామకాయ రంగులో ఉన్నాయి. పన్నెండో రోజు. సాయంత్రం లిఫ్ట్ మీద ఎప్పుడూ ఎర్రగా ఉండే దీపం పచ్చగా మారింది. పెట్టెలో కూజా దిగింది. గాజుది, మూత గట్టిది, ఒళ్లో పట్టేంత. ఎనిమిదో మడి నుంచి అరచేయంత పొర కోసి అందులో వేశాను.

రేపు ఉదయం బయలుదేరవచ్చు.

రోజు 696

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్లి సంచి దించి, కూజా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. లోపల తెర మీద ఒక వాక్యం వెలిగింది.

“పద్ధతి యావత్తును లాగునందు లిఖించితినని ప్రమాణము చేయుచున్నాను.” దాని కింద వేలిముద్రకు ఒక గుండ్రటి గుర్తు.

కూజాను చంకలోకి మార్చుకుని బొటనవేలు ఎత్తాను. తలుపు అవతల సింహాచలం గారు నన్ను సాగనంపడానికి నిలబడి ఉన్నారు.

“తల్లీ, ఒక్క మాట,” అన్నారు. “నిన్ను ఆపడానికి కాదు. ఏడాది పోయాక నా తరవాతోడు వస్తాడు. ఆడికి నీ పుస్తకం ఇవ్వాలా, నా నాలిక చూపించాలా?”

“చెప్పండి సార్. నేను మీకు చెప్పినట్టే.”

“దొంగతనంగా?”

కూజాను చంకలో సర్దుకున్నాను.

“నేను చెప్తాననుకో. ఆడు ఇంకోడికి చెప్తాడు. ముందు పోయిన ఆ ముగ్గురికీ ఎవడు చెప్తాడు? నువ్వు ఆవేళ చెప్పకపోతే నేను ఈపాటికి నాలుగోవోణ్ని. పార్వతీపురంలో బస్సు దిగి మా ఆవిడకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తా ఉండేవోణ్ని.”

“సార్, రాస్తే ఆరువందల రోజుల లెక్కలూ అబద్ధమవుతాయి. కూజా ఇవ్వరు.”

“ఇవ్వకపోవచ్చు,” అన్నారు. తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి నిలబడ్డారు. నా కోసం పెట్టారో, పొరపాటున పెట్టారో తెలియదు.

మా అమ్మ జీవితమంతా, ఎవరో చదివి వినిపించిన కాగితాల కింద వేలిముద్ర వేసింది. అందులో ఏముందో ఆమెకు తెలియదు. నేను చదివాను. ఏముందో తెలుసు.

బయటికి వచ్చాను. కొంతసేపటికి దీపం ఎర్రగా మారింది.

రోజు 697–703

అధికారిక లాగ్ మొత్తం ముందు పెట్టుకున్నాను. 24 అని రాసినవి నాలుగువందల పదమూడు చోట్లు. ప్రతి అంకె మీద ఒక్క గీత గీశాను, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పక్కన రాశాను: కడ్డీతో కాదు. నాలుకతో, చేదు తగిలినప్పుడు. అప్పటి అసలు అంకె గుర్తు లేదు.

‘గుర్తు లేదు’ అని రాసినప్పుడల్లా కలం ఆగింది. ఏడు రోజులు పట్టింది.

చివర పద్ధతి మళ్లీ రాశాను. ‘ఆధారం’ అన్న గడిలో ప్రచురణ పేరు గానీ సంస్థ పేరు గానీ రాయాలి, ఎదుట అనుభవం ఏళ్లలో. తలారి వెంకాయమ్మ, ఉప్పుమళ్లు, కొఠారుపాలెం, ముప్పై ఎనిమిది అని రాశాను.

సింహాచలం గారు చదివి, “ఇంట్లో అందరికంటే అనుభవం మీ అమ్మకే ఎక్కువన్నమాట,” అన్నారు. “ఆమెకివ్వాల్సిన ఫెలోషిప్ నువ్వు కొట్టీసేవు.”

ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు ఏడుపు వచ్చింది. ఆయన లేచి, మళ్లు చూసొస్తానని వెళ్లిపోయారు.

రోజు 712

జవాబు దిగింది.

“తమ లేఖను పఠించితిమి. తమ ఫెలోషిప్పు నిలిపివేయబడినది. పూర్వము పంపివేయబడిన మువ్వురును మరల ఆహ్వానింపబడుదురు. వారిలో ఇరువురు ఈ పద్ధతిని స్వయముగా అభ్యసించి, పొర జీవించునని సాక్ష్యమిచ్చిన యెడల, తమకు కూజాతో ద్వారము తెరువబడును. అంతవరకు తమ హోదా శిక్షకురాలు. ఇట్లు, ఇల్సే.”

ఈసారి ‘సంతసించుచున్నాము’ లేదు. మొదటిసారి ఆవిడ నాకు నిజంగా ఉత్తరం రాసినట్టు అనిపించింది.

ఎవరి ముందు తలెత్తలేనో వాళ్లు చెబితేనే నాకు తలుపు తెరుచుకుంటుంది. వదిలేసి పోవచ్చు అన్న వాక్యం ఒప్పందంలో ఇంకా ఉంది. ఈ సాయంత్రమంతా దాన్ని చదువుతూనే ఉన్నాను.

రోజు 724

ముగ్గురిలో ఒకరు రానని రాశారు. ఆయనకు ఇప్పుడు వేరే దేశంలో పని దొరికింది. మిగిలినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ ఒప్పుకోవాలి. అమ్మకు ఫోన్‌లో అంతా చెప్పాను, ఆరు నిమిషాలూ పట్టింది. ఆమె మధ్యలో పెట్టేయమనలేదు.

చివర్న, “మరి ముందే చెప్పొచ్చు గదే వాళ్లకి” అంది.

“సిగ్గేసింది.”

“నాలికంటే సిగ్గా, నేనంటే సిగ్గా?”

ఫోన్ దానంతటదే కట్ అయింది.

రోజు 748

లిఫ్ట్ దిగింది. డాక్టర్ ముంతాజ్ గారు. వెళ్లినప్పటికంటే సన్నబడ్డారు. సింహాచలం గారు నమస్కారం పెట్టి, టీ పెడతానని తప్పుకున్నారు.

ఆవిడ సంచి భుజాన్నుంచి దించలేదు.

“నాలుగు నెలలు నేను మా ఇంట్లో చేతులు కడుక్కుంటా కూర్చున్నా,” అన్నారు. “తెలుసా నీకు? సబ్బు ఏదన్నా తేడానేమోనని సబ్బులు మార్చుకున్నా. నా చేతిలో దోషం లేదని మా కాలేజీలో ఒక్కళ్లకి చెప్పుకోలేకపోయినా.”

“క్షమించండి మేడమ్.”

“దాన్నేం చేసుకునేది? లాగ్ ఎక్కడుంది, తియ్యి.”

తెచ్చి ఇచ్చాను. నిలబడే మొదటి పేజీ నుంచి తిప్పారు. గీతలన్నీ చూశారు. తను ఇక్కడ ఉన్న రోజుల దగ్గరికి వచ్చాక ఆగి, కొట్టివేసిన ప్రతి అంకె మీదా వేలు పెట్టుకుంటూ చదివారు. టీ చల్లారిపోయింది. సింహాచలం గారు రెండోసారి పెట్టారు.

చివరికి సంచి దించారు. గదిలోకి నడిచారు. ఒకటో మడి దగ్గరే కూర్చుని చూపుడువేలు ముంచి, నోట్లో పెట్టుకున్నారు.

“ఏడ తెలియాల చేదు?”

“వెనక. గొంతుకు దగ్గరగా.”

కళ్లు మూసుకున్నారు.

“తెలియడంలేదే.”

నేనూ వేలు ముంచి, ఆవిడ చూస్తుండగా, నోట్లో పెట్టుకున్నాను.

“ఇంకా రాలేదు మేడమ్. రేపు వస్తుంది.”

ఆవిడ లేవలేదు. రేపటిదాకా అక్కడే కూర్చునేటట్టు గట్టుకు ఆనుకుని సర్దుకున్నారు. నేను పక్కన చోటు చూసుకుని కూర్చున్నాను. అధికారిక లాగ్ ఒళ్లో పెట్టుకుని రాశాను:

ఒకటో మడి. నీరు మార్చలేదు. చేదు లేదు. రుచి చూసినవారు ఇద్దరు.